సింకులో నీళ్ళు పోవడం లేదా? కడప వంటిళ్ళ కోసం తరచుగా అడిగే ప్రశ్నలు

కడపలో సింకు జామ్ అయిందంటే చాలామంది నోట మొదట వచ్చే మాట "యాసిడ్ తీసుకురా". ఈ పేజీ రాయడానికి ముఖ్య కారణం అదే. మన బోరు నీళ్ళలో సున్నం ఎక్కువ. మన వంటలో సంగటి, చెనిక్కాయ (వేరుశనగ) ఎక్కువ. మన వంటింటి గట్టు చాలా ఇళ్ళలో కడప బండ, అంటే సున్నపురాయి. వేరే ఊళ్ళ వాళ్ళు చెప్పే చిట్కాల్లో కొన్ని ఇక్కడ పనిచేయవు, కొన్ని నష్టం కూడా చేస్తాయి. ఇప్పటికే సింకు నిండి నీళ్ళు నిలబడి ఉంటే కింద "నీళ్ళు అస్సలు దిగడం లేదు" అన్న ప్రశ్న దగ్గరికి ముందు వెళ్ళండి. మిగతావి తర్వాత తీరిగ్గా చదవవచ్చు.

మేము పోసేది గిన్నెలు కడిగిన నీళ్ళే కదా, పైపు ఎందుకు పూడుకుపోతుంది?

ఆ నీళ్ళతో పాటు పిండి, జిడ్డు, పిప్పి దిగుతాయి. పిండి అంటే అన్నం మెతుకులు, సంగటి, దోశ పిండి, పప్పు తేట. జిడ్డు అంటే నూనె, నెయ్యి, మాంసం కొవ్వు. పిప్పి అంటే కరివేపాకు, ఆవాలు, చింతపండు పీచు, టీ పొడి, ములక్కాయ నమిలిన తుక్కు. విడివిడిగా వీటిలో ఏదీ పెద్ద శత్రువు కాదు. ముందు జిడ్డు పైపు లోపలి గోడకు పూతలాగా పట్టుకుంటుంది. దానికి పిప్పి అతుక్కుంటుంది. ఆ పిప్పి మధ్యలో మెతుకులు చిక్కుకుని, నీళ్ళు పీల్చుకుని ఉబ్బుతాయి. ఒక రోజు రాత్రి ఉన్నట్టుండి నీళ్ళు నిలబడినట్టు అనిపిస్తుంది గానీ, అది నెలల తరబడి కట్టుకుంటూ వచ్చిన అడ్డం.

మన దగ్గర దీనికి నీళ్ళు కూడా తోడవుతాయి. నీళ్ళలో సున్నం, అంటే కాల్షియం ఎక్కువగా ఉంటే, అది నూనె విరిగినప్పుడు వచ్చే కొవ్వు ఆమ్లాలతో కలిసి నీళ్ళలో కరగని ఒక రకం సబ్బుగా మారుతుంది. తెల్లగా, మైనంలాగా, గోకితే పెచ్చులుగా ఊడి వచ్చేది అదే. పెద్ద నగరాల డ్రైనేజీల్లో దొరికే కొవ్వు గడ్డలు కూడా ఎక్కువగా ఇట్లాంటి కాల్షియం సబ్బులే. 2017లో లండన్‌లోని వైట్‌చాపెల్ వీధుల కింద 250 మీటర్ల పొడవున, సుమారు 130 టన్నుల గడ్డ బయటపడింది. మన సింకు కింద జరిగేది దాని చిన్న రూపం. తాగే నీళ్ళలో మొత్తం కాఠిన్యం లీటరుకు 200 మిల్లీగ్రాములు దాటకపోతే మంచిదని, వేరే నీళ్ళు దొరకని చోట 600 వరకు ఒప్పుకోవచ్చని భారతీయ ప్రమాణం చెబుతుంది. కొళాయి మూతికి, స్టీలు బిందెకు తెల్లటి చారలు కడుతున్నాయంటే మీ నీళ్ళు గట్టి నీళ్ళే, పరీక్ష చేయించకపోయినా తెలిసిపోతుంది.

అడ్డం ఎక్కడ ఉందో ఎట్లా తెలుసుకోవాలి?

వంటింటి సింకు ఒక్కటే నెమ్మదిగా దిగుతుంటే, అడ్డం సింకు కింద ఉన్న ట్రాప్‌లోనో (కొంచెం నీళ్ళు ఎప్పుడూ నిలిచి ఉండే వంపు భాగం), మడతల పైపులోనో ఉంటుంది. సింకుతో పాటు పెరట్లో గిన్నెలు తోమే చోట కూడా నీళ్ళు నిలబడుతుంటే, రెండూ కలిసే పైపులో ఉంది. సింకులో నీళ్ళు వదిలితే బాత్‌రూమ్ నేల జాలిలో నుంచి పైకి వస్తుంటే అది ఇంట్లో సంగతి కాదు, బయటి ఛాంబరు, అంటే ఇంటి మురుగు పైపులు వచ్చి కలిసే మూత ఉన్న గుంత చూడాలి. ఛాంబరు మూత తీసినప్పుడు నిండా నీళ్ళుంటే అడ్డం ఛాంబరుకు అవతల ఉంది. ఖాళీగా ఉంటే ఇంటికీ ఛాంబరుకూ మధ్యలో ఉంది. ప్లంబరును పిలిచే ముందు ఇంత మాత్రం చూసి పెట్టుకుంటే గోడ అనవసరంగా పగలగొట్టే పని తప్పుతుంది.

నీళ్ళు అస్సలు దిగడం లేదు. ఇప్పుడు ఏం చేయాలి?

ముందు కొళాయి కట్టేయండి. ఆ సింకులో అంతకుముందు ఎవరైనా యాసిడ్ గానీ, కాస్టిక్ సోడా గానీ పోశారేమో ఇంట్లో అడగండి. పోసి ఉంటే మీరు చేయి పెట్టకండి, పంపు కొట్టకండి, ట్రాప్ విప్పకండి. ప్లంబరును పిలిచి, ఏం పోశారో చెప్పండి. ఆ మాట దాచిపెట్టడం వల్ల ప్లంబర్ల కళ్ళకు, చేతులకు ప్రమాదం.

ఏమీ పోయలేదంటే, నిలబడిన నీళ్ళు మగ్గుతో తోడి బకెట్లోకి తీయండి. రబ్బరు కప్పు మునిగేంత నీళ్ళు మాత్రం ఉంచండి. చేత్తో అందినంత తుక్కు తీసేయండి. తర్వాత రబ్బరు పంపు, అదే ప్లంజర్, రంధ్రం మీద పూర్తిగా కప్పేటట్టు పెట్టి, పైకీ కిందికీ గట్టిగా, ఆగకుండా కొట్టండి. కిందికి నెట్టడం కంటే పైకి లాగడం ముఖ్యం. గడ్డ కదిలేది ఎక్కువగా అప్పుడే. సింకులో పైన అంచు దగ్గర నీళ్ళు పొంగకుండా ఇంకో చిన్న రంధ్రం ఉంటే దాన్ని తడిగుడ్డతో బిగించి పట్టుకోవాలి. రెండు తొట్ల సింకయితే రెండోదాన్ని కూడా అట్లాగే మూయాలి. ఈ ఒక్క పని చేయకుండా ఎంత కొట్టినా గాలి ఆ దారిలో పోతుంది, గడ్డ కదలదు. పంపు పనిచేయలేదని చెప్పే వాళ్ళలో చాలామంది ఆ రంధ్రం మూసి ఉండరు.

పంపుతో కాకపోతే ట్రాప్ విప్పాలి. భయపడే పని కాదు. కింద బకెట్ పెట్టండి. బాటిల్ ట్రాప్ అయితే కింది గిన్నెలాంటి మూతను, వంపు పైపు అయితే రెండు వైపులా ఉన్న నట్లను చేత్తో ఎడమవైపు తిప్పితే ఊడుతాయి. వాషర్లు ఏ వరుసలో ఉన్నాయో ఫోనులో ఒక ఫొటో తీసి పెట్టుకోండి. లోపలి తుక్కును కవర్లోకి గీకేసి, పాత టూత్‌బ్రష్‌తో కడగండి. కడిగేది పెరట్లోనో బకెట్లోనో కడగండి. మళ్ళీ బిగించేటప్పుడు చేతి బలం చాలు. పానా పెట్టి బిగిస్తే ప్లాస్టిక్ మర పగులుతుంది. నీళ్ళు వదిలి, జాయింట్ల కింద పొడి కాగితం పెట్టి చూడండి. ఎక్కడ కారుతున్నా కాగితం మీద చుక్క కనబడుతుంది.

ట్రాప్ శుభ్రంగా ఉండి కూడా నీళ్ళు పోకపోతే అడ్డం గోడలోని పైపులో ఉంది. దానికి స్ప్రింగు తీగ కావాలి. తిప్పుతూ లోపలికి పంపాలి, పొడవకూడదు. ఇనుప కడ్డీ, వెదురు కర్ర దూర్చడం మాత్రం వద్దు. ప్లాస్టిక్ ఎల్బో వంపు దగ్గర పగిలితే నీళ్ళు గోడలోకే ఇంకుతాయి. తర్వాత బండలు లేపాల్సి వస్తుంది.

యాసిడ్ పోస్తే ఒక్క నిమిషంలో పోతుంది కదా, ఎందుకు వద్దంటారు?

బాత్‌రూముల కోసం అమ్మే యాసిడ్ ఎక్కువగా హైడ్రోక్లోరిక్ ఆమ్లం. అది సున్నపు పొరను కరిగిస్తుంది. నూనెను, మెతుకును, చింతపండు పీచును కరిగించదు. మీ పైపులో ఉన్నది ముఖ్యంగా ఇవే. పోసినప్పుడు బుసబుసమని పొంగుతుంది కాబట్టి పని జరుగుతున్నట్టు కనిపిస్తుంది. ఆ పొంగు చాలాసార్లు గడ్డది కాదు, మీ ఇంటి బండది, సిమెంటుది.

ఇది కడప వాళ్ళు తప్పకుండా తెలుసుకోవాలి. జమ్మలమడుగు, యర్రగుంట్ల వైపు తవ్వి తెచ్చే నల్లటి కడప బండ సున్నపురాయి. యర్రగుంట్ల చుట్టూ సిమెంటు ఫ్యాక్టరీలు వెలసింది కూడా సున్నపురాయి కోసమే. కర్నూలు వైపు వాడే బేతంచెర్ల బండలు, అనంతపురం వైపు వాడే తాడిపత్రి బండలు కూడా ఆ జాతివే. సున్నపురాయి మీద ఆమ్లం పడితే రాయి కరిగి గాలి బుడగలు వస్తాయి. నునుపు పోతుంది, తెల్లటి మచ్చ మిగులుతుంది, ఆ గరుకు చోట మళ్ళీ జిడ్డు ఎక్కువగా పడుతుంది. బండలతోనే కట్టిన పాత తొట్టి సింకుల్లో అయితే మూలల్లో సిమెంటు అతుకులు తిని, నీళ్ళు కిందికి కారడం మొదలవుతుంది. స్టీలు సింకు అయితే గుంటలు పడి తుప్పు చుక్కలు వస్తాయి.

ఇక ఊపిరి సంగతి. యాసిడ్, బ్లీచింగ్ పౌడరు కలిస్తే క్లోరిన్ గాలి వస్తుంది. కిటికీ లేని చిన్న వంటింట్లో అది ప్రాణం మీదికి తెస్తుంది. ఇంట్లో ఒకరు పొద్దున యాసిడ్ పోసి ఊరుకుని, ఇంకొకరు మధ్యాహ్నం తెలియక బ్లీచింగ్ చల్లినా అదే ప్రమాదం. దగ్గు, కళ్ళ మంట మొదలైతే అన్నీ వదిలి బయటికి రండి. ఊపిరి అందకపోతే 108కి ఫోన్ చేయండి.

యాసిడ్ అమ్మకాల మీద 2013లో సుప్రీంకోర్టు కట్టడి పెట్టింది. కొనేవాళ్ళ వివరాలు దుకాణదారు రాసుకోవాలి, 18 ఏళ్ళు నిండని వాళ్ళకు అమ్మకూడదు. అంత ప్రమాదమైన సరుకును పాత నీళ్ళ సీసాలో పోసి సింకు కింద పెట్టుకోవడం, అది కూడా పిల్లలు తిరిగే ఇంట్లో, ఏ రకంగానూ సరికాదు.

మరి డ్రైనేజీ పౌడరు ప్యాకెట్లు?

అవి ఎక్కువగా కాస్టిక్ సోడా, అంటే సోడియం హైడ్రాక్సైడ్. యాసిడ్‌కు ఇది వ్యతిరేకం. కొవ్వును సబ్బుగా మార్చి కరిగిస్తుంది కాబట్టి జిడ్డు అడ్డానికి కొంత పనిచేసే మాట నిజం. కానీ నీళ్ళు తగలగానే బాగా వేడెక్కుతుంది. నీళ్ళు పూర్తిగా నిలబడిన సింకులో వేస్తే పొడి అడుగున రాయిలాగా గడ్డకట్టి కూర్చుంటుంది, ఉన్న అడ్డానికి ఇంకొకటి తోడవుతుంది. కొద్దికొద్దిగా నీళ్ళు దిగుతున్నప్పుడు మాత్రమే, ప్యాకెట్ మీద రాసిన కొలత ప్రకారం, చల్లటి నీళ్ళతో, చేతి తొడుగులు వేసుకుని, ముఖం దూరంగా పెట్టి వాడాలి. ముందు పౌడరు, అది పనిచేయకపోతే యాసిడ్ అని రెండూ ఒకదాని మీద ఒకటి ఎప్పుడూ పోయకూడదు. రెండూ కలిస్తే ఉడికి పైకి చిమ్ముతుంది. అల్యూమినియం గిన్నెలకు కాస్టిక్ తగలనివ్వకండి, రెండూ కలిస్తే మండే గాలి పుడుతుంది.

కంట్లో పడితే వెంటనే మామూలు నీళ్ళ ధార కింద కనీసం 15 నుంచి 20 నిమిషాలు కడిగి, ఆ తర్వాత ఆస్పత్రికి వెళ్ళాలి. మందు కోసం వెతుకుతూ కూర్చోవద్దు. పిల్లలు మింగితే వాంతి చేయించకుండా, ప్యాకెట్ చేత పట్టుకుని నేరుగా ఆస్పత్రికి తీసుకుపోండి.

నా అభిప్రాయం అడిగితే, పంపు, స్ప్రింగు తీగ ఇంట్లో ఉన్న వాళ్ళకు ఈ ప్యాకెట్ అవసరం చాలా అరుదు.

వంటసోడా, వెనిగర్ కలిపి పోస్తే?

పొంగుతుంది, చూడటానికి బాగుంటుంది. కానీ ఒకటి క్షారం, ఒకటి ఆమ్లం. కలిసినప్పుడు రెండూ ఒకదాన్నొకటి చల్లార్చుకుంటాయి. మిగిలేది గాలి, కొంచెం ఉప్పునీళ్ళు. వాసన కాస్త తగ్గవచ్చు. గడ్డ కరగదు. వెనిగర్ కూడా ఆమ్లమే కాబట్టి కడప బండ మీద ఒలికితే వెంటనే తుడవండి. నిమ్మరసానికి, చింతపండు పులుసుకూ ఇదే మాట.

మరుగుతున్న నీళ్ళు పోయొచ్చా? గంజి వేడివేడిగా వంచుతుంటాం.

సింకు కింది పైపులు ప్లాస్టిక్‌వి. మామూలు పీవీసీ సుమారు 60 డిగ్రీలు దాటితే మెత్తబడటం మొదలవుతుంది. సలసలా మరిగే నీళ్ళు రోజూ పోస్తే జాయింట్లు వదులవుతాయి, మడతల పైపు సాగి మధ్యలో కుంగుతుంది. కుంగిన చోట తుక్కు నిలుస్తుంది. చెయ్యి పెడితే కాస్త చురుక్కుమనే వేడి చాలు. నెయ్యి, మాంసం కొవ్వు కరగడానికి అంతకంటే ఎక్కువ అక్కరలేదు.

గంజి వేడి కంటే దాని చిక్కదనమే ఎక్కువ ఇబ్బంది. వేడిగా ఉన్నప్పుడు నీళ్ళలాగా దిగిపోతుంది, ట్రాప్‌లో చల్లారి జిగురుగా మారుతుంది. ఉప్పేసుకుని తాగండి, కాటన్ చీరలకు పెట్టండి, లేదా కుడితిలో పోయండి. సింకులోకే పోక తప్పదనుకుంటే ఒక బకెట్ చన్నీళ్ళు కలిపి పల్చన చేసి పోయండి.

సంగటి గిన్నెతోనే మాకు అసలు టెన్షన్. దాన్ని ఎట్లా కడగాలి?

ఈ ప్రశ్న బయటి ఊళ్ళ వాళ్ళు అడగరు, మనమే అడుగుతాం. రాగుల్లో ఎక్కువ భాగం పిండి పదార్థమే. ఉడికేటప్పుడు అది నీళ్ళు పీల్చుకుని జిగురవుతుంది, చల్లారితే గిన్నెకు పొరలాగా కరుచుకుంటుంది. ఆ గిన్నెలో వేడి నీళ్ళు పోసి పీచుతో రుద్దితే పొర మళ్ళీ జిగురై, పలచటి బంకగా సింకులోకి దిగుతుంది. కళ్ళకు తెలియకుండా పైపుకు పూత వేసేది ఇదే.

సంగటి గెలికిన తర్వాత తెడ్డుతో అడుగు, అంచులు బాగా గీకేయండి. గీకింది కుక్కకో, కుడితిలోకో పోతుంది. తర్వాత గిన్నెలో చన్నీళ్ళు పోసి నానబెట్టండి. కాసేపటికి పొర అట్టలాగా లేస్తుంది. దాన్ని చేత్తో తీసి చెత్తలో వేయండి. నానిన ఆ నీళ్ళు సింకులో కాకుండా పెరట్లో చెట్టు మొదట్లో పోయండి. సబ్బు ఆ తర్వాతే. ఇంట్లో ఇంకే మార్పూ చేయకపోయినా ఈ ఒక్క అలవాటుతో సింకు జామ్ అవడం బాగా తగ్గుతుంది. దోశ పిండి గిన్నెకు, ఓళిగల పూర్ణం రుబ్బిన మిక్సీ జారుకు కూడా ఇదే పద్ధతి.

చెనిక్కాయ చట్నీ చేసిన జారు కడిగిన నీళ్ళు అంత చెడ్డవా?

చెనిక్కాయ పప్పులో దాదాపు సగం నూనే. మిక్సీలో వేసినప్పుడు ఆ నూనె బయటికి వస్తుంది, పప్పు మెత్తటి ముద్ద అవుతుంది. అంటే జిడ్డు, పిప్పి రెండూ ఒకే దాంట్లో కలిసి దిగుతాయి. కారం దోశ మీద చల్లే పుట్నాల పొడి కూడా తడి తగిలితే బంకే. జారులో కొంచెం నీళ్ళు పోసి ఒక్కసారి తిప్పి, ఆ నీళ్ళు చట్నీలోనే కలిపేయండి. మా ఇళ్ళలో పెద్దవాళ్ళు మొదటి నుంచీ చేసేది అదే, రుచి కూడా పోదు. చెనిక్కాయ పొట్టు మాత్రం జాలి దాటనివ్వకండి. తేలికగా తేలుతూ పోయి వంపు దగ్గర పేరుకుంటుంది.

చెనిక్కాయ నూనె గడ్డకట్టదు కదా, పోస్తే ఏమైంది?

నెయ్యిలాగా, డాల్డాలాగా గడ్డకట్టదు, నిజమే. అయినా పైపు గోడకు పూత పడుతుంది, దుమ్ము, పిండి దానికి అంటుకుంటాయి, మన గట్టి నీళ్ళతో కలిసి పైన చెప్పిన మైనంలాంటి పొర అవుతుంది. బజ్జీలు, వడలు కాల్చిన నూనె చల్లారాక ఒక సీసాలో పోసి మూత పెట్టండి. కొంచెమే ఉంటే పాత పేపరుతో మూకుడు తుడిచేసి ఆ పేపరు చెత్తలో వేయండి. హోటళ్ళలో వాడేసిన నూనెను సేకరించి బయోడీజిల్‌కు పంపే ఏర్పాటును ఆహార భద్రతా సంస్థ 2018లో మొదలుపెట్టింది. మెస్ గానీ, టిఫిన్ సెంటరు గానీ నడిపే వాళ్ళు దాని గురించి కనుక్కోవడం మంచిది. వాళ్ళు పోసే నూనె ఒక ఇంటి పైపుతో ఆగదు.

మాంసం వండిన రోజు ప్రత్యేకంగా ఏమైనా చూసుకోవాలా?

తప్పకుండా. పొట్టేలు కొవ్వు చాలా తొందరగా గడ్డకడుతుంది. పాయ గిన్నె చల్లారితే పైన తెల్లటి తెట్టు కట్టేది అదే. అన్నం తట్టల్లో, గిన్నెల్లో ఉన్న జిడ్డును వేడి మీద ఉండగానే పేపరుతో తుడిచి, ఆ తర్వాత నీళ్ళ కింద పెట్టండి. ఎముక ముక్కలు, కోడి చర్మం, చేప పొలుసులు సింకు దగ్గరికే రానివ్వకండి. ఉగాది, బక్రీద్, ఊరి జాతర రోజుల్లో ఇంటి నిండా చుట్టాలుంటారు, తలా ఒక చెయ్యి వేసి తట్టలు కడుగుతారు. జాలి అడ్డం ఉందని ఎవరో ఒకరు తీసి పక్కన పెడతారు. ఆ రోజు చేతులు కడుక్కోవడానికి, ఎంగిలి తట్టలకు పెరట్లో వేరే టబ్బు పెట్టడం మంచిది.

ఏ జాలి మంచిది?

స్టీలుది, గిన్నె ఆకారంలో లోతుగా ఉండేది, చేత్తో ఎత్తి తీయగలిగేది. సింకుతో వచ్చే పెద్ద రంధ్రాల జాలి మెతుకును ఆపదు, ఉగ్గానికి నానబెట్టిన బొరుగులను అసలే ఆపదు. ప్రతి పూటా ఎత్తి దులపాలి. తెల్లటి సున్నం పట్టి రంధ్రాలు మూసుకుపోతే, విడిగా ఒక ప్లాస్టిక్ గిన్నెలో నిమ్మరసం కలిపిన నీళ్ళలో నానబెట్టి బ్రష్ చేయండి, బండ మీద పెట్టి చేయవద్దు.

జాలిలో మిగిలిన ఎంగిలి ఎక్కడ వేయాలి?

కుడితి తొట్టి ఉన్న రోజుల్లో ఈ ప్రశ్న రాలేదు. బియ్యం కడిగిన నీళ్ళు, గంజి, కూరగాయల తొక్కలు బర్రెకు పోయేవి. ఇప్పటికీ కడప శివార్లలో పాలు పోసే వాళ్ళు చాలామంది కుడితి తీసుకుంటారు, అడిగి చూడండి. ఇచ్చేటప్పుడు రెండు జాగ్రత్తలు. సబ్బు నీళ్ళు, బూజు పట్టినవి, ఎముకలు అందులో కలవకూడదు. పెళ్ళి భోజనాల్లో మిగిలిన అన్నం గంపల కొద్దీ ఒకేసారి పెట్టకూడదు, పశువుల కడుపులో ఆమ్లం పెరిగి ప్రాణం పోయే ప్రమాదం ఉంది.

అది వీలుకాని వాళ్ళు నీళ్ళు బాగా వడిచి, తడి చెత్త బుట్టలో వేయాలి. తడి చెత్త, పొడి చెత్త ఇంట్లోనే వేరుచేయాలని 2016 నాటి ఘన వ్యర్థాల నియమాలే చెప్పాయి. టీ పొడి కడిగి ఆరబెట్టి గులాబీ మొక్కలకు వేసుకోవచ్చు.

అడ్డం ఏమీ లేదు, అయినా సింకులో నుంచి కంపు వస్తోంది.

ట్రాప్ వంపులో ఎప్పుడూ సుమారు 5 సెంటీమీటర్ల లోతున నీళ్ళు నిలిచి ఉండాలి. కాలువ గాలిని ఇంట్లోకి రాకుండా ఆపేది ఆ నీళ్ళే. మన ఎండాకాలంలో ఇల్లు తాళం వేసి కొన్ని వారాలు ఊరికి పోతే ఆ నీళ్ళు ఆవిరైపోతాయి. తిరిగి వచ్చాక రెండు మగ్గులు నీళ్ళు పోస్తే సరిపోతుంది. పోయే ముందే నీళ్ళు పోసి, పైన ఒక చెంచా నూనె వేస్తే ఆవిరి కావడం తగ్గుతుంది. నూనె పోయొద్దని ఇంతసేపు చెప్పాను, ఇది ఒక్క చెంచా మాటే.

ఇల్లు తాళం వేయకుండానే కంపు వస్తుంటే కింద చూడండి. చాలా పాత ఇళ్ళలో ట్రాపే ఉండదు, మడతల పైపు నేరుగా సైడు కాలువలోకి పోతుంది. దానికి ట్రాప్ పెట్టించడం తప్ప వేరే మందు లేదు. బొద్దింకలు, పందికొక్కులు వచ్చే దారి కూడా అదే, కాలువ వైపు పైపు మూతికి ఒక స్టీలు జాలి కట్టించండి.

నీళ్ళు దిగేటప్పుడు గుడగుడ శబ్దం ఎందుకు?

పైపులో గాలి ఆడటం లేదని అర్థం. సగం పూడుకుపోయినా ఇట్లాగే వస్తుంది. అది హెచ్చరిక, అప్పుడే ట్రాప్ విప్పి కడిగితే నీళ్ళు నిలబడే దాకా రాదు.

నీళ్ళ కరువు ఊళ్ళో బకెట్లు బకెట్లు పోసి పైపు కడగమంటే ఎట్లా?

అట్లా అనడం లేదు. సన్నగా ధార వదిలి గంటసేపు కడిగితే నీళ్ళూ ఖర్చవుతాయి, తుక్కూ కదలదు. రోజుకు ఒకసారి, రాత్రి గిన్నెలన్నీ అయ్యాక, సింకు రంధ్రం మూసి సగం వరకు నీళ్ళు నింపి ఒక్కసారిగా వదలండి. ఆ వేగానికి పైపులో మిగిలిన మెతుకులు కొట్టుకుపోతాయి. దానికి మంచినీళ్ళు అక్కరలేదు. ఆర్వో మిషను బయటికి వదిలే నీళ్ళు పట్టిపెట్టుకుని వాడండి. తట్టను నీళ్ళ కింద పెట్టకముందే చేత్తోనో, పాత పేపరుతోనో తుడిచేస్తే కడగడానికి పట్టే నీళ్ళు కూడా తగ్గుతాయి.

పనిమనిషికి ఎంత చెప్పినా వినడం లేదు.

చెప్పడం కంటే ఏర్పాటు ముఖ్యం. తట్టలు ఎంగిలితోనే సింకులో పడేసి మనం లేచిపోతే, పది నిమిషాల్లో పని ముగించుకుని ఇంకో ఇంటికి పోవాల్సిన మనిషి ఒక్కొక్కటి తుడుస్తూ కూర్చోదు. తిన్నవాళ్ళే తట్ట తుడిచి పెట్టాలి. సింకు పక్కన మూత ఉన్న చిన్న డబ్బా, చేతికి తొడుగులు ఉంచండి. యాసిడ్ పోయమని ఆమెకు ఎప్పుడూ చెప్పకండి.

బయటి ఛాంబరు నిండిపోయింది. మనిషిని దింపి తీయించొచ్చా?

వద్దు. మూసి ఉన్న ఛాంబరులో, సెప్టిక్ ట్యాంకులో విషవాయువులు ఉంటాయి, దిగిన మనిషి పైకి రాకపోవచ్చు. రక్షణ సామగ్రి లేకుండా మురుగు కాలువల్లోకి, సెప్టిక్ ట్యాంకుల్లోకి మనుషులను దింపడాన్ని 2013 చట్టం నిషేధించింది, దింపించిన వాళ్ళకు శిక్ష ఉంది. వంద రూపాయలు ఎక్కువిస్తానంటే ఒప్పుకునే మనిషి దొరుకుతాడు, ఆ అవసరాన్ని మనం వాడుకోకూడదు. మున్సిపాలిటీకి చెప్పండి, యంత్రం పిలిపించండి.

తుక్కును నలిపేసే మిషను సింకు కింద పెట్టిస్తే?

పెట్టొద్దని నా సలహా. తుక్కు నలిగినంత మాత్రాన మాయం కాదు, ట్రాప్ దాటి ఛాంబరులోనో సెప్టిక్ ట్యాంకులోనో చేరుతుంది, ట్యాంకు తొందరగా నిండుతుంది. నడవడానికి నీళ్ళు కూడా ఎక్కువ కావాలి.

కొత్త ఇల్లు కడుతున్నాం. మేస్త్రీకి ఏం చెప్పాలి?

గట్టు బండ పరవకముందే ప్లంబరును, మేస్త్రీని ఒకేసారి నిలబెట్టి మాట్లాడండి. సింకు పైపుకు మీటరుకు సుమారు 2 సెంటీమీటర్ల వాలు ఉండాలి. గోడలోకి పోయే పైపు 50 మిల్లీమీటర్ల కంటే సన్నగా వద్దు, 75 అయితే ఇంకా మంచిది. నిటారుగా తిరిగే 90 డిగ్రీల ఎల్బో బదులు రెండు 45 డిగ్రీల బెండులు వేయమనండి. మలుపు దగ్గర మూత విప్పి స్ప్రింగు తీగ పంపే వీలు ఉండాలి, ఆ మూతను టైల్స్ కింద కప్పేయనివ్వకండి. సింకు కింద మడతల పైపు కాకుండా నున్నటి గొట్టం, చేత్తో విప్పే ట్రాప్ పెట్టించండి. దాని ముందు అల్మారా కట్టేటప్పుడు లోపలికి రెండు చేతులు, ఒక బకెట్ పట్టేంత చోటు వదలమనండి. అన్నీ బిగించాక సింకు నిండా నీళ్ళు పట్టి ఒకేసారి వదిలి, బయటి ఛాంబరు దగ్గర మీరే నిలబడి చూడండి. అది చూశాకే ప్లంబరుకు మిగతా డబ్బు ఇవ్వండి.